కవచం, పాచిక, ఐదవ కారణం

చేసే పనికీ దాని ఫలితానికీ నడుమ కర్త అదుపులో లేనిది ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుందని ఒప్పుకున్న తరువాత, ఆ కర్త చేసిన ఎంపికను దేనితో తూచాలన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఫలితంతో తూచితే అతని చేతిలో లేనిదానికి కూడా అతన్నే బాధ్యుణ్ణి చేసినట్లవుతుంది. సంకల్పంతో మాత్రమే తూచితే అజాగ్రత్త సులువుగా తప్పించుకుపోతుంది. నిర్లక్ష్యంగా బండి నడిపిన ఇద్దరిలో ఒకడి దారికి మాత్రమే పిల్లవాడు అడ్డం వస్తే, ఇద్దరి తప్పూ ఒకటే అయినా లోకం ఇద్దరినీ ఒకే విధంగా చూడదు. మనిషి అదుపులో లేని సంగతులు అతని మంచిచెడ్డల తీర్పులోకి ఇలా చొరబడటాన్ని బ్రిటిష్ తాత్వికుడు బెర్నార్డ్ విలియమ్స్, అమెరికన్ తాత్వికుడు థామస్ నేగెల్ 1976లో ‘మోరల్ లక్’ అన్న పేరుతో చర్చకు తెచ్చారు. నిజజీవితంలో ఈ చిక్కును విడదీయడం కష్టం, ఎందుకంటే కర్తకు ఏ మేరకు తెలుసో, తెలుసుకునే అవకాశం ఏ మేరకు ఉండిందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అవన్నీ ముందే అంకెల్లో రాసిపెట్టి ఉన్న చోటు దొరికితే ప్రశ్న స్వరూపం కొంత తేటపడుతుంది. బల్లమీద ఆడే యుద్ధక్రీడలో, శత్రువు ట్యాంకు కవచాన్ని ఛేదించే ఆయుధాన్ని ఎంచుకునే సందర్భం అలాంటి చోటు.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ కేంద్రంగా పనిచేసే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో, రిక్ ప్రీస్ట్‌లీ రూపకల్పనతో, వార్‌హామర్ 40,000 అనే ఆటను వెలువరించింది. నలభై ఒకటవ సహస్రాబ్దిలో, కదలలేని ఒక చక్రవర్తిని దైవంగా కొలిచే మానవ సామ్రాజ్యం చుట్టూ దీని కథ అల్లుకుని ఉంటుంది. ఆటగాళ్లు చిన్న చిన్న బొమ్మలను అతికించి, రంగులు వేసి, సైన్యంగా కూర్చుకుంటారు. ప్రతి దళానికీ కొన్ని పాయింట్ల ధర ఉంటుంది. మామూలుగా ఒక్కొక్కరు 2,000 పాయింట్లకు మించకుండా సైన్యాన్ని కాగితం మీద రాసుకుని బల్ల దగ్గరికి వస్తారు. ఆ జాబితా రాసే వేళకు ఎదుటివాడు ఏ సైన్యం తెస్తాడో, అందులో ట్యాంకులు ఎన్నో, అసలు ఉంటాయో లేదో తెలియదు. ఎంపిక ముందు, శత్రువు తరువాత, పాచిక చిట్టచివర: ఈ వరుసను గుర్తుపెట్టుకోవడం అవసరం.

2023లో వచ్చిన పదవ కూర్పు నియమాల ప్రకారం పేల్చిన ప్రతి దెబ్బా మూడు గడపలు దాటాలి. ముందు గురి తగలాలి, తగిలింది గాయం చేయాలి, ఆపైన కవచం దాన్ని ఆపలేకపోవాలి. మూడూ దాటితే నష్టం ఎంతో నాలుగో పాచిక చెబుతుంది. గాయం కావడానికి ఆయుధ బలాన్ని లక్ష్యపు దార్ఢ్యంతో, అంటే దెబ్బకు ఓర్చుకునే గట్టిదనంతో పోలుస్తారు: రెండూ సమానమైతే ఆరు ముఖాల పాచిక మీద 4 గానీ అంతకు ఎక్కువ గానీ పడాలి, బలం ఎక్కువైతే 3, రెట్టింపైతే 2, తక్కువైతే 5, సగమో అంతకన్నా తక్కువో అయితే 6. ల్యాండ్ రైడర్ అనే భారీ ట్యాంకు దార్ఢ్యం 12, అది ఓర్చుకోగల మొత్తం నష్టం 16, దాని కవచం 2 మొదలు ఏది పడినా దెబ్బను ఆపేస్తుంది. దాన్ని పగలగొట్టడానికి వాడే ప్రసిద్ధ ఆయుధం లాస్‌క్యానన్, అంటే లేజరు ఫిరంగి: 48 అంగుళాల దూరం, ఒకే దెబ్బ, బలం 12, కవచాన్ని మూడు మెట్లు దిగజార్చే గుణం, నష్టం ఒక పాచిక మీద పడిన అంకెకు 1 కలిపినంత.

3 మొదలు ఏది పడినా గురి తగులుతుందనుకుంటే ఈ దెబ్బ గురి గడప దాటే అవకాశం మూడింట రెండు, గాయం గడప దాటే అవకాశం సగం, కవచం గడప దాటే అవకాశం మళ్లీ మూడింట రెండు. మూడింటినీ గుణిస్తే తొమ్మిదింట రెండు వస్తుంది. దెబ్బ లోపలికి దిగినప్పుడు నష్టపు సగటు 4.5 కాబట్టి, ఒక్కో దెబ్బకు జరిగే నష్టపు సగటు సరిగ్గా 1. ఇక్కడ ఒక వింత కనిపిస్తుంది, దాని దగ్గర కొంతసేపు ఆగడం న్యాయం. దెబ్బ దిగకపోతే నష్టం సున్న, దిగితే 2కు తక్కువ కాదు, 7కు ఎక్కువ కాదు. అంటే ఆటగాడు ఎదురుచూడమని లెక్క చెప్పే ఆ 1 అన్న నష్టం ఏ ఒక్క దెబ్బలోనూ జరగదు, జరగడానికి నియమాల్లో చోటే లేదు. బల్ల మీద ఎన్నడూ పుట్టని అంకెను ఆధారం చేసుకుని ఆయుధాన్ని ఎంచుకోవడం ఎంతవరకు వివేకం?

సగటును తిట్టిపోయడం తేలిక, అయితే అది దేనికోసం పుట్టిందో చూస్తే నింద దానిది కాదని తెలుస్తుంది. 1654లో పాస్కల్, ఫెర్మా తమ ఉత్తరాల్లో చర్చించిన సమస్యల్లో ప్రధానమైనది, మధ్యలో ఆగిపోయిన జూదంలో పందెపు సొమ్మును ఇద్దరు ఆటగాళ్లకు ఎలా పంచాలన్నది; 1657లో హైగెన్స్ పాచికల లెక్కల మీద వెలువరించిన చిన్న గ్రంథం ఆ ఆలోచనకు క్రమం కూర్చింది. అంటే ఈ లెక్క పుట్టుకతో జోస్యం కాదు, ధర్మమైన వాటా కట్టే పద్ధతి. వార్‌హామర్‌లో కూడా దాని సహజమైన స్థానం ఆయుధానికి పాయింట్ల ధర కట్టే రూపకర్త బల్ల మీద ఉంది, ఎందుకంటే అతని ముందు వేలకొద్దీ ఆటలు ఉంటాయి. ఆటగాడి ముందు ఒకే ఒక సాయంత్రం ఉంటుంది. నాలుగు లాస్‌క్యానన్‌లు ఒకేసారి ల్యాండ్ రైడర్ మీద పేల్చినా, నాలుగూ వృథా అయ్యే అవకాశం నూటికి దాదాపు 37. రూపకర్తకు ఈ అంకె పట్టదు, ఆటగాడు దానితోనే కాపురం చేయాలి.

భారత కథాసంప్రదాయంలో పాచికకూ లెక్కకూ ఉన్న సంబంధాన్ని అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం వేరే విధంగా చూపించింది. రథం మీద పోతూ ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ లెక్కకట్టి చెబుతాడు, నలుడు చెట్టు దగ్గర లెక్కపెట్టి చూసి ఆశ్చర్యపోతాడు, ఆపైన ఆ రాజు దగ్గర అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకుంటాడు, దాంతో అతన్ని పట్టిన కలి బయటికి వస్తాడు. తాండ్రకాయలే ఆ కాలపు పాచికలు కావడం కథలో కాకతాళీయం కాకపోవచ్చు. సంభావ్యతాశాస్త్ర చరిత్ర రాసిన ఇయాన్ హ్యాకింగ్ 1975లోనే ఈ కథను గమనించాడు. అయితే కథకూ నేటి లెక్కకూ మధ్య ఒక లోతైన తేడా ఉంది: నలుడికి లెక్క తెలియడంతో పాచిక వశమైంది, పోయిన రాజ్యం ఒకే పందెంలో తిరిగి వచ్చింది, ఆధునిక సంభావ్యతలో లెక్క ఎంత తెలిసినా తరువాతి పాచిక ఒక్క వీసమైనా వశం కాదు. (శ్రీనాథుడి శృంగార నైషధం, దాని మూలం వలెనే, జూదం దాకా రాకుండానే ముగుస్తుంది, ఈ ప్రశ్న అడగదలచినవారు భారతానికే పోవాలి.)

వశం కానిదాన్ని ఎదుర్కొనేవాడికి మిగిలేది, ఏ రకపు అనిశ్చితిని భరించాలో ఎంచుకునే స్వేచ్ఛ. లాస్‌క్యానన్‌కు పోటీగా నిలిచే మల్టీ-మెల్టా అనే ఆయుధాన్ని పరిశీలిస్తే ఇది స్పష్టమవుతుంది. మెల్టా అంటే దగ్గరి లక్ష్యాన్ని వేడితో కరిగించే తుపాకి. దాని దూరం 18 అంగుళాలే, బలం 9 మాత్రమే కాబట్టి ల్యాండ్ రైడర్‌ను గాయపరచడానికి 5 గానీ 6 గానీ పడాలి. దానికి బదులుగా రెండు దెబ్బలు ఉంటాయి, కవచం నాలుగు మెట్లు దిగిపోతుంది, లక్ష్యం 9 అంగుళాల లోపల ఉంటే నష్టానికి 2 కలుస్తుంది. అంత దగ్గరగా పేల్చితే ఒక్కో ఆయుధానికి నష్టపు సగటు 2కు కొద్దిగా పైన, అంటే లాస్‌క్యానన్‌కు రెట్టింపు. కాగితం మీద ఎంపిక తేలిపోయినట్లే ఉంటుంది గానీ, 9 అంగుళాల దాకా పోయినవాడు ట్యాంకు లోపల కూర్చున్న శత్రుదళానికి కూడా అందుబాటులోకి పోయినట్లే, పైగా అక్కడికి చేరేలోపు ఎదుటివాడి వంతులు గడిచిపోతాయి. లాస్‌క్యానన్ ఎంచుకున్నవాడు అనిశ్చితిని పాచికలో ఉంచి తాను దూరంగా నిలబడ్డాడు. మెల్టా ఎంచుకున్నవాడు అనిశ్చితిలో కొంత భాగాన్ని పాచిక నుంచి తీసి తన కదలికల మీద వేసుకున్నాడు. ఇందులో రెండోవాడి ఓటమిలో అతని పాలు ఎక్కువ, గెలుపులోనూ అంతే. ఆయుధాల పట్టికలు సగటును చూపిస్తాయి, బాధ్యత ఎటు జరిగిందో చూపించవు; ఆటగాళ్ల వాదోపవాదాల్లో కూడా ఈ రెండో సంగతి రావలసినంతగా రాదు.

బాధ్యతను ఇలా భాగాలుగా విడదీసి చూడటానికి భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ఒక చట్రాన్ని ఇస్తుంది. ఏ కర్మ సిద్ధించడానికైనా ఐదు కారణాలు కావాలని అది చెబుతుంది: అధిష్ఠానం, అంటే ఆధారమైన నెలవు, కర్త, కరణం, అంటే సాధనం, చేష్ట, అంటే పలువిధాలైన వ్యాపారం, ఐదవది దైవం. ఆటకు అన్వయిస్తే తుపాకి నిలిచిన చోటు అధిష్ఠానం, ఆటగాడు కర్త, ఆయుధం కరణం, వంతులో అతను చేసే కదలికలూ గురి నిర్ణయాలూ చేష్ట, పాచిక ఐదవ కారణం. ఆయుధాన్ని కరణమని పిలవడానికి మరో ఆధారం కూడా ఉంది: తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో కరణాన్ని అసాధారణ కారణమని నిర్వచించాడు, అంటే అన్ని కార్యాలకూ సమానంగా ఉండేది కాక ఈ కార్యానికే ప్రత్యేకమైనది. పాచిక అన్ని దెబ్బలకూ సమానమే, లాస్‌క్యానన్‌కూ మెల్టాకూ తేడా పుట్టించేది ఆయుధమే.

అయితే ఈ అన్వయాన్ని ఎంత దూరం లాగవచ్చో కూడా చెప్పాలి. శంకరులు అధిష్ఠానం దేహమనీ, దైవమంటే కన్ను మొదలైన ఇంద్రియాలకు అనుగ్రాహకులైన ఆదిత్యాది దేవతలనీ వ్యాఖ్యానించారు; రామానుజులు దైవమంటే అంతర్యామి అయిన పరమాత్మ అనీ, ఐదింటిలో అదే ప్రధానమనీ అన్నారు. ఇద్దరిలో ఎవరూ దాన్ని గుడ్డి యాదృచ్ఛికతగా చదవలేదు కాబట్టి, పాచికే దైవమని తేల్చేయడం భాష్యకారులకు అన్యాయం చేసినట్లవుతుంది. నిలిచేది ఆ విభజన మాత్రమే: కర్త ఐదింటిలో ఒకటి, ఒకటి మాత్రమే. తాను ఒక్కడే కర్త అనుకునేవాడు సరిగ్గా చూడటం లేదని గీత ఆ వెంటనే అంటుంది. ఓడినప్పుడల్లా ‘డైస్ ముంచేసింది’ అనే ఆటగాడు ఐదవదాన్నే మొత్తం కారణంగా చేస్తాడు. అతనిది కూడా అదే పొరపాటు, రెండో కొసన నిలబడి చేసేది.

ఈ ఐదవ స్థానంలో ఏది కూర్చోవాలన్న విషయంలో యుద్ధక్రీడల చరిత్రే ఏకాభిప్రాయానికి రాలేదు. 1824లో ప్రష్యా సైన్యానికి రైస్విట్జ్ అందించిన క్రీగ్‌ష్పీల్ అనే యుద్ధక్రీడలో పాచికలూ నష్టాల పట్టికలూ ఫలితాన్ని నిర్ణయించేవి. పట్టికలు ఆటను నత్తనడకన నడిపిస్తున్నాయని విసిగి, 1876లో వెర్డీ దు వెర్న్వా వాటిని పక్కకు నెట్టి, అనుభవం ఉన్న అంపైరు తీర్పునే ఫలితంగా తీసుకునే స్వేచ్ఛాపద్ధతిని ప్రతిపాదించాడు. 1913లో హెచ్.జి.వెల్స్ రాసిన లిటిల్ వార్స్ పాచికనూ అంపైరునూ రెండింటినీ కాదని, స్ప్రింగుతో పేలే బొమ్మ ఫిరంగితో సీసపు సైనికులను నిజంగానే పడగొట్టించింది. మొదటి రెండింటి మధ్య తగాదా బ్రహ్మసూత్రాల మూడవ అధ్యాయం చదివినవారికి కొత్తగా అనిపించదు. కర్మకు ఫలం ఎక్కడి నుంచి వస్తుందన్న చర్చలో జైమిని ధర్మమే ఫలమిస్తుందనీ, మధ్యలో ఎవరూ తీర్పరి అక్కరలేదనీ అంటాడు. బాదరాయణుడు ఫలం ఈశ్వరుడి నుంచే అంటాడు. రైస్విట్జ్ పట్టిక జైమిని పక్షం, వెర్డీ అంపైరు బాదరాయణుడి పక్షం. వార్‌హామర్ చాలావరకు జైమిని పక్షాన నిలిచింది. అంపైరు లేకుండానే ఇద్దరు ఆటగాళ్లు ఆట ముగించగలరు.

అదే వార్‌హామర్ నియమాలు కాలక్రమంలో అసాధ్యం అన్న భావనను కూడా మార్చుకున్నాయి. 2017కు ముందు ట్యాంకులకు దార్ఢ్యం అన్న లెక్క కాక, ముందు, పక్క, వెనుక భాగాలకు వేరువేరు కవచపు అంకెలు ఉండేవి. ఆయుధ బలానికి పాచికను కలిపితే ఆ అంకెను అందుకోవాలి. ల్యాండ్ రైడర్‌కు అన్ని వైపులా 14. నాటి లాస్‌క్యానన్ బలం 9 కనుక 5 పడితే దెబ్బ కవచాన్ని రాసుకుపోయేది, 6 పడితే చీల్చేది. ఆటోక్యానన్ అనే మరో ఫిరంగి బలం 7 కనుక 6 పడినా 13 దగ్గర ఆగిపోయేది. వెయ్యిసార్లు పేల్చినా ట్యాంకుకు గీత పడేది కాదు. తర్కసంగ్రహం అభావాలను నాలుగు రకాలుగా విభజించి, మూడు కాలాల్లోనూ లేనిదాన్ని అత్యంతాభావం అంది; ఆటోక్యానన్‌కు ల్యాండ్ రైడర్ మీద ఉన్నది అలాంటి అభావమే. నేటి నియమాల్లో అది పోయింది. మామూలు సిపాయి చేతిలోని లాస్‌గన్, బలం 3, 6 పడితే ల్యాండ్ రైడర్‌నైనా గాయపరుస్తుంది. సిపాయికి 4 మొదలు పడితే గురి తగులుతుందనుకుంటే, 72 దెబ్బలకు సగటున ఒక్కటి లోపలికి దిగి 1 నష్టం చేస్తుంది. ఈ మార్పు ఉదారంగా కనిపిస్తుంది గానీ ఎంపికను తేలికపరిచే గుణం దానికి ఉంది. అసాధ్యం ఉన్న లోకంలో సరైన ఆయుధం తేనివాడు తప్పు చేశాడని కచ్చితంగా చెప్పవచ్చు. ఏదీ అసాధ్యం కాని లోకంలో అతనికి ఎప్పుడూ ఒక ఆశ మిగిలి ఉంటుంది, ఆశ మిగిలినచోట తప్పును ఒప్పుకోవడం వాయిదా పడుతుంది.

దైవం, ఎంపిక కలిసే చోటు అడెప్టా సొరొరిటాస్ సైన్యంలో అన్నిటికన్నా సూక్ష్మంగా కనిపిస్తుంది. ఆటగాళ్లు సిస్టర్స్ ఆఫ్ బ్యాటిల్ అని పిలిచే వీరు చక్రవర్తిని ఆరాధించే యోధ సన్యాసినులు. వీరికి మిరకిల్ డైస్, అంటే అద్భుతాల పాచికలు ఉంటాయి. వంతు మొదలైనప్పుడూ, తమ దళం ఒకటి పూర్తిగా నశించినప్పుడూ ఒక పాచిక వేసి, పడిన అంకెను మార్చకుండా పక్కన నిలవ ఉంచుతారు. తరువాత ఏదో ఒక నిర్ణాయక సందర్భంలో, కొత్తగా పాచిక వేయడానికి బదులు నిలవలోని అంకెను తెచ్చి పెడతారు. అంటే ఐదవ కారణం ఇక్కడ ముందే పనిచేసి, ఫలం కోసం కాచుకుని ఉంటుంది. యాగం ముగిసిపోయిన ఎంతోకాలానికి స్వర్గం ఎలా సిద్ధిస్తుందన్న ప్రశ్నకు మీమాంసకులు అపూర్వం అనే అదృశ్యశక్తిని జవాబుగా చెప్పారు. క్రియకూ ఫలానికీ నడుమ ఉన్న ఖాళీని అది నింపుతుంది. నశించిన దళం బదులుగా వచ్చిన పాచిక బల్ల అంచున కళ్లకు కనిపించే అపూర్వం. కనిపించడమే ఇందులోని తేడా, ఆ తేడాయే మొత్తం కథను మార్చేస్తుంది.

ఎందుకంటే కనిపించని అనుగ్రహం గురించి మనిషి ఆలోచించవలసింది ఏమీ ఉండదు, కనిపించేదాని గురించి ఆలోచించక తప్పదు. ఈ సైన్యం ట్యాంకులను ఎదుర్కోవడానికి ప్రధానంగా మెల్టాలనే నమ్ముకుంటుంది. నిలవలో 6 ఉందనీ, మల్టీ-మెల్టా ల్యాండ్ రైడర్‌కు 9 అంగుళాల లోపల నిలిచిందనీ అనుకుంటే, ఆ 6ను ఎక్కడ ఖర్చుపెట్టాలి? గురి తగిలిన తరువాత గాయపు పాచిక స్థానంలో పెడితే సగటు నష్టం 3కు కాస్త పైన పెరుగుతుంది. కవచం కూడా ఓడిపోయిన తరువాత నష్టపు పాచిక స్థానంలో పెడితే పెరిగేది 2.5 మాత్రమే, కానీ అప్పుడు 6కు 2 కలిసి 8 అవుతుంది, అంటే ట్యాంకు ఓర్పులో సరిగ్గా సగం, ఇక సందేహానికి తావు లేకుండా. నిలవలో 5 కూడా ఉంటే గాయపు గడపకు అది 6తో సమానంగా పనికివస్తుంది కాబట్టి 6ను దాచుకోవడం మేలు. ఒక దళం ఒక దశలో ఒక్క అద్భుతాన్నే వాడుకోగలదు కాబట్టి రెండు 8లు కావాలంటే రెండు దళాలను దగ్గరికి పంపాలి, పంపితే వాటిలో ఒకటి నశించవచ్చు, నశిస్తే మరో పాచిక వస్తుంది. అనుగ్రహం వచ్చింది కాబట్టి ఎంపిక భారం తగ్గిందని చెప్పడానికి ఇక్కడ వీలు లేదు. లాస్‌క్యానన్ పేల్చి ఓడినవాడికి పాచికను నిందించే వీలుంది. 6ను చేతిలో పెట్టుకుని తప్పుడు చోట ఖర్చుపెట్టినవాడికి ఆ వీలు కూడా పోయింది. కృపను నమ్మే మతాలు మనిషిని సోమరిని చేస్తాయన్న పాత విమర్శకు ఈ ఆట నియమం అనుకోకుండానే ఒక జవాబు ఇస్తుంది: కృప ఎంత స్పష్టంగా అందితే దాన్ని వాడుకున్న తీరుకు అంత లెక్క చెప్పాల్సి వస్తుంది.

ఇక మిగిలింది ట్యాంకే రాని సాయంత్రం. ఎదుటివాడు పదాతిదళాలతోనే జాబితా నింపుకుని వస్తే, 7 నష్టం చేయగల లాస్‌క్యానన్ దెబ్బ 2 నష్టానికే కూలిపోయే ఒక్క సైనికుడి మీద పడుతుంది, మిగిలిన 5 పక్కవాడికి చేరకుండా వృథా అవుతాయి. దీన్ని చూసి ఆయుధం ఎంచుకున్నవాడు తప్పు చేశాడనడం, ట్యాంకు రావచ్చన్న అవకాశం జాబితా రాసిన రోజున నిజంగానే ఉండిందన్న సంగతిని మరిచిపోవడం అవుతుంది. ఆ రోజున అతని ముందు ఉన్నవి తన ప్రాంతపు ఆటగాళ్లు సాధారణంగా ఏమి తెస్తారన్న తెలివిడి, ఆయుధాల అంకెలు, పాయింట్ల పరిమితి. వాటిని తూచకుండా బొమ్మ అందంగా ఉందని లాస్‌క్యానన్ తెచ్చినవాడు ఎదుట ల్యాండ్ రైడర్ కనిపించి గెలవవచ్చు, తూచి తెచ్చినవాడు ఈ సాయంత్రం ఓడిపోవచ్చు. గెలిచినవాడు వచ్చే ఆటకు ముందు తన జాబితాను ఒకసారి తూచి చూసుకోవాలి, ఓడినవాడికి తన జాబితాను మార్చుకోవలసిన కారణం ఈ ఒక్క ఆటలో ఇంకా ఏదీ దొరకలేదు.